దారి మూసేస్తే అధికారి ఏం చేయాలి?

పేట నుంచి శ్మశానానికి వెళ్లే దారికి అడ్డంగా గోడ లేస్తుంది. పేటవాళ్లు అర్జీ పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు వెళ్తారు. 'ఇది సివిల్ తగాదా, కోర్టుకు పొండి' అంటారు. ఉద్యమాల్లో తిరిగే వాళ్లందరికీ ఈ జవాబు తెలుసు. దారి హక్కు అర్జీ వచ్చినప్పుడు చట్టం ప్రకారం అధికారి ఏం చూడాలో, మనం ఏం అడగాలో ఇక్కడ చెబుతున్నాం.

దువ్వాడ లాంటి చోట ఈ ప్రశ్న మరింత అవసరం. 1971లో విశాఖ ఉక్కుకు శంకుస్థాపన జరిగాక ఈ చుట్టుపక్కల ఊళ్ల భూములు సేకరణలోకి పోయాయి. తర్వాత ప్రత్యేక ఆర్థిక మండలి, లేఅవుట్లు వచ్చాయి. ఊరు కదిలిన చోట పాత డొంకలు, గోర్జిలు నక్షాలో ఒకలాగా, నేలమీద ఇంకోలాగా ఉంటాయి.

ఈ హక్కు నిన్నటిది కాదు. విశాఖ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న 1924లోనే, ప్రజల రోడ్లు, వీధులు, కాలిబాటల మీద ఏ కులంవాళ్లైనా నడవొచ్చని రెట్టమలై శ్రీనివాసన్ పెట్టిన తీర్మానాన్ని మద్రాసు శాసనమండలి ఆమోదించింది. రాజ్యాంగం 15(2), 17 అధికరణలు దాన్ని ప్రాథమిక హక్కు చేశాయి.

మొదట: అది ఎవరి దారి?

అధికారి ముందుగా గ్రామ నక్షా, ఎఫ్‌ఎంబీ, అడంగల్ తెప్పించుకోవాలి. తర్వాత స్వయంగా వెళ్లి నేల చూడాలి. పోరంబోకు దారి అయితే 1905 భూ ఆక్రమణల చట్టం కింద నోటీసు ఇచ్చి ఆక్రమణ తొలగించే అధికారం తహసీల్దారుకే ఉంది. దువ్వాడ ఇప్పుడు జీవీఎంసీ పరిధిలో ఉంది కాబట్టి వీధుల మీద అడ్డంకుల విషయంలో కార్పొరేషన్ కూడా జవాబు చెప్పాలి.

నక్షాలో గీత లేదని అర్జీ కొట్టేయకూడదు. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం 20 ఏళ్ల నిరాటంక వాడకాన్ని (ప్రభుత్వ భూమి మీదైతే 30 ఏళ్లు), స్థానిక ఆచారాన్ని కూడా గుర్తిస్తుంది. కాబట్టి పెద్దవాళ్ల వాంగ్మూలాలు కూడా సాక్ష్యమే.

రెండు సెక్షన్లు, ఒక గడువు

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లో రెండు సెక్షన్లు గుర్తుపెట్టుకోవాలి. 152వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీ 133) కింద ప్రజల దారికి అడ్డం తీసేయమని కలెక్టరు, ఆర్డీవో లేదా ప్రత్యేక అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. అవతలివాళ్లు అసలు ప్రజల దారే లేదని అంటే 156 కింద విచారించాలి. ఆ మాటకు నమ్మదగిన సాక్ష్యం ఉన్నప్పుడే సివిల్ కోర్టు తేల్చేదాకా ఆగాలి. ఉత్త మాట సరిపోదు.

భూమి వాడకం మీద తగాదా శాంతిభంగం దాకా వచ్చేలా ఉంటే 166 (పాత 147) వర్తిస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. రోజూ వాడే దారి అయితే, అధికారికి సమాచారం అందడానికి ముందు మూడు నెలల లోపు ఆ హక్కును వాడి ఉండాలి. శ్మశానం దారి లాగా అప్పుడప్పుడూ వాడేదైతే చివరి సందర్భంలో, అంటే చివరి అంత్యక్రియలప్పుడు, వాడి ఉండాలి. 'చూద్దాం, రాజీ చేద్దాం' అంటూ గడిపే నెలలు గోడ కట్టినవాడికే కలిసొస్తాయి. అందుకే అర్జీ అందిన తేదీతో రసీదు తీసుకోండి.

కులం ఉన్నప్పుడు

2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 3(1)(జడ్‌ఏ) చేరింది. ఉమ్మడి వనరులు, శ్మశానం, నీటి వనరులు, రోడ్డు, దారి అందరితో సమానంగా వాడుకోకుండా అడ్డుకుంటే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 18ఏ చెబుతోంది. ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి ఈ చట్టం కింద తన విధిని కావాలని నిర్లక్ష్యం చేస్తే 4వ సెక్షన్ కింద అదీ నేరమే.

పోలీసులు 2020 నాటి హితేష్ వర్మ తీర్పు చూపించవచ్చు. కేవలం ఆస్తి తగాదా ఈ చట్టం కిందికి రాదని, కులం కారణంగా జరిగి ఉండాలని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. అందుకే ఫిర్యాదులో ఈ సంగతులు స్పష్టంగా రాయాలి: అదే దారిలో మిగతా కులాలవాళ్లు నడుస్తున్నారా? ఆపినప్పుడు ఎవరు ఏ మాట అన్నారు? గేటు తాళం ఎవరికి తీస్తున్నారు, ఎవరికి తీయడం లేదు? 'చుట్టుదారి ఉంది కదా' అనే వాదన దగ్గరా ఇవే ప్రశ్నలు వేయాలి. చట్టం అడిగేది సమానంగా వాడుకునే హక్కు.

అర్జీలో ఉండాల్సినవి

సర్వే నంబరు, దారి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఎన్నేళ్లుగా వాడుతున్నారో, చివరిసారి ఏ తేదీన వాడారో, ఎప్పుడు మూశారో రాయండి. ఫోటోలు జతచేయండి. కలెక్టరు, ఆర్డీవో, పోలీసులకు విడివిడిగా ఇవ్వండి. ఎస్సీ, ఎస్టీ చట్టం నిబంధనల ప్రకారం జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. అక్కడ విషయం పెట్టించండి. తిరస్కరిస్తే కారణాలతో రాతపూర్వక ఉత్తర్వు అడగండి. నోటిమాట మీద అప్పీలు ఉండదు.

శవాన్ని మోసుకుంటూ గోడ దగ్గర ఆగిపోయిన రోజున చట్టం వెతుక్కోవడం ఎవరివల్లా కాదు. మీ పేట దారి నక్షా నకలు ఇప్పుడే తీసి పెట్టుకోండి.