బ్యాండులో ఎవరు ఏం వాయిస్తరు?



మేము హుస్నాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నం. ఎక్కువమందిమి చుట్టుపక్కల తండాల వాళ్ళం, కొందరం ఆదిలాబాద్ గూడేల నుండి వచ్చినోళ్ళం. జెండా పండుగ వస్తే బడి బ్యాండు చూస్తనే ఉంటం కదా. సైడ్ డ్రమ్ము, పెద్ద డ్రమ్ము, తాళాలు, బ్యూగుల్. పెద్ద డ్రమ్ము ఎప్పుడూ పొడుగు పిల్లగాని మెడలనే! ఈ సామానంతా పటాలం సామాను. పెద్ద డ్రమ్ము, తాళాలు తుర్కీ సుల్తానుల సైన్యం నుండి 18వ శతాబ్దంలో యూరప్ సైన్యాలకు పోయినయి. ఇంగ్లీషోళ్ళ రెజిమెంట్లతో మన దేశానికి, ఆ తర్వాత బళ్ళకు వచ్చినయి. దాంట్ల తప్పేం లేదు. కానీ ఆ బ్యాండులో నిలబడ్డ పిల్లల ఇండ్లల్ల ఏం వాయించేవాళ్ళో మేము చదివిన ఏ పాఠంలో రాలే.

గోండు, కొలాం గూడేల్లో దీపావళికి ముందు దండారి కదులుతది. డప్పు, తుడుం, సన్నాయి లాంటి పిప్రి, పొడుగు బాకా కాలికోం. నెమలి ఈకల టోపీ పెట్టిన గుస్సాడీలు ఈ వాద్యాల మీదనే ఆడతరు. దండారి ముగిసేదాకా గుస్సాడీ స్నానం చెయ్యడు, అది దీక్ష. నాయకులు వచ్చినప్పుడల్లా స్వాగతం పలకనీకి ఆ టోపీ పెట్టించుడు మాకైతే నచ్చదు.

ఇక కిక్రీ. మూడు తంత్రులు, తోలు కప్పిన కర్ర బుర్ర, గుర్రపు వెంట్రుకల కమాను. దీన్ని ఎవరు పడితే వాళ్ళు వాయించరు. ప్రధాన్‌లు, తోటీలు వాయిస్తరు. ఒక్కో ప్రధాన్ కుటుంబానికి కొన్ని గోండు ఇండ్లతో తరతరాల సంబంధం ఉంటది. పెర్సాపేన్ పూజకు ఆయన వచ్చి ఆ గోత్రం కథ కిక్రీ మీద పాడాలె. బదులుగా ధాన్యం, బట్టలు, ఒక్కోసారి పశువు ఇచ్చేవాళ్ళు. ఇంకో వింత చూడండి: ఆదిలాబాద్ ప్రధాన్‌లు ఇంట్లో మాట్లాడేది మరాఠీ, కథ పాడేది గోండిలో. అంటే గోండుల చరిత్రను రాతలో లేకుండా ఇన్ని తరాలు దాచిపెట్టింది ఇంకో భాష మాట్లాడే ఇండ్లు. ఆ ఇంటి కొడుకు మాలెక్క హాస్టల్‌కు వచ్చిండనుకోండి, కిక్రీ గోడకు ఎక్కుతది. పాటతో పాటు ఒక గోత్రం మొత్తం చరిత్ర ఆడనే ఆగిపోతది.

కోయల్లో డోలీలదీ ఇదే పని. మణుగూరు మండలం కూనవరంకు చెందిన సకిని రామచంద్రయ్య గారు డోలు మీద సమ్మక్క సారలమ్మ కథ చెప్పేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. మా తండాల్లో నంగారా, కంచు థాళి ఉంటయి. వంశాల కథలు చెప్పే ఢాడీలు కూడా మాకున్నరు, కానీ మా ఈడు పిల్లల్లో వాళ్ళ పాట విన్నోళ్ళు తక్కువ.

బడికి, దండారికి లంకె పడ్డ ఊరు మార్లవాయి. 1943లో హైమండార్ఫ్ గోండు టీచర్లకు శిక్షణ మొదలుపెట్టించింది ఆడనే. అదే ఊరి కనక రాజు గారు 1981లో ఢిల్లీ గణతంత్ర ఉత్సవాల్లో గుస్సాడీ ఆడిండు. ఆశ్రమ పాఠశాలలో వంట చేసి బతుకుతూ పిల్లలకు ఆట నేర్పిండు. 2021లో పద్మశ్రీ ఇచ్చిన్రు. 2024 అక్టోబరు 25న, దీపావళికి ఆరు రోజుల ముందు, ఇంకా దండారి రోజుల్లోనే పోయిండు.

మా హాస్టల్లో ఒక ప్రధాన్ తమ్ముడున్నడు. బ్యాండులో సైడ్ డ్రమ్ము బాగా కొడతడు. వాళ్ళ తాత కిక్రీ ఇంట్లనే ఉందట, ఒక తంత్రి తెగింది. సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు తంత్రి వేయించి, తాత పాడేది ఫోన్‌లో రికార్డు చేసుకొస్తనన్నడు. తాతకు ఎనభై దాటినయి.