లైనక్స్‌లో సౌండ్ ఎందుకు రాదు? ముప్పై ఏళ్ల గొడవ

2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ ఆగిపోయింది కదా. నా పాత ల్యాప్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కదు. సరేలే అని లైనక్స్ వేశాను. వైఫై వచ్చింది, పాటలు పలికాయి. అంతా బాగుందనుకుని దాన్ని తీసుకుని మా బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్ళాను. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసే ఊరు అది. అక్కడ ఒక పెద్దాయన వీణకి మెట్లు సరిచేస్తుంటే రికార్డ్ చేద్దామని నా ఆశ. రికార్డ్ నొక్కాను. గీత కదల్లేదు. మైక్ ఉన్నట్టే సిస్టమ్‌కి తెలీదు. ఆయన చూసి, "ఏటి బాబూ, నీ మిసనుకి చెవుల్లేవేటి?" అన్నారు.

విండోస్‌లో అదే మైక్ బ్రహ్మాండంగా పనిచేసేది. మరి తప్పెవరిది?

చిప్‌తో మాట్లాడటానికి డ్రైవర్ కావాలి. కంపెనీలు విండోస్‌కి డ్రైవర్ రాసి ఇచ్చేవి. లైనక్స్‌కి చాలాసార్లు ఎవరో ఒకరు కూర్చుని సొంతంగా రాసుకోవాల్సి వచ్చేది. 1989లో క్రియేటివ్ కంపెనీ సౌండ్ బ్లాస్టర్ కార్డు తెచ్చింది. 1991లో లైనక్స్ పుట్టింది. ఆ మరుసటి ఏడాదే ఫిన్లాండ్‌కి చెందిన హన్ను సవోలైనెన్ ఆ కార్డుకి డ్రైవర్ రాశాడు. అదే పెరిగి ఓఎస్ఎస్ అయింది. దాంతో ఒక చిక్కుండేది. చాలా కార్డుల మీద ఒకసారికి ఒక్క ప్రోగ్రామే సౌండ్ వాడగలదు. పాట మోగుతుంటే ఇంకో యాప్ నోరు మూసుకోవాల్సిందే. 1998లో చెక్ ప్రోగ్రామర్ యారోస్లావ్ కిసెలా ఆల్సా మొదలుపెట్టాడు. 2003 డిసెంబర్‌లో వచ్చిన కెర్నెల్ 2.6లో అదే ప్రధానమైంది.

తర్వాత అన్ని యాప్‌ల శబ్దాన్నీ కలిపి పంపే పల్స్ఆడియో వచ్చింది. 2008లో ఉబుంటు 8.04లో పెట్టాక తిట్లే తిట్లు. నిజం చెప్పాలంటే కొంత తప్పు దానిదే. కొంత మాత్రం కింద డ్రైవర్లలో అప్పటిదాకా ఎవరి కంటా పడని లోపాలది. ఇప్పుడు దాని స్థానంలోకి పైప్‌వైర్ వచ్చింది. 2021లో ఫెడోరా 34 దాన్నే డీఫాల్ట్ చేసింది.

నా మైక్ సంగతి మాత్రం వీటన్నిటికీ కింద ఉంది. 2004లో ఇంటెల్ హెచ్‌డీ ఆడియో అనే ప్రమాణం తెచ్చింది. చిప్‌తో ఎలా మాట్లాడాలో అది చెప్తుంది. కానీ ఆ చిప్ ఏ కాలికి మైక్, ఏ కాలికి స్పీకర్ కలపాలన్నది ల్యాప్‌టాప్ తయారీదారు ఇష్టం. ఆ వివరాలు బయోస్‌లో ఉండాలి. చాలా మోడళ్లలో అవి తప్పు. విండోస్ డ్రైవర్‌లో తయారీదారే సర్దుబాటు చేసేస్తాడు, మనకి తెలీదు. లైనక్స్ కెర్నెల్‌లో మాత్రం ఫలానా మోడల్‌కి ఫలానా సవరణ అని పెద్ద జాబితా ఉంటుంది. చాలాసార్లు ఎవరో ఒక యూజర్ చెప్తేనే అందులోకి కొత్త మోడల్ ఎక్కుతుంది.

గొల్లపల్లిలో చూసిందీ అలాంటిదే. వీణకి 24 మెట్లు. వాటిని మైనం మీద కూర్చోబెట్టి చెవితో వింటూ జరుపుతారు. ఒక వీణ కొలత ఇంకో వీణకి అచ్చంగా సరిపోదు.

మర్నాడు యూఎస్‌బీ మైక్ పట్టుకెళ్ళాను. యూఎస్‌బీ ఆడియోకి 1998 నుంచీ ఉమ్మడి ప్రమాణం ఉంది. దాన్ని పాటించే పరికరానికి వేరే డ్రైవర్ అక్కర్లేదు. పెట్టగానే పనిచేసింది. లోపలి మైక్ కూడా తర్వాత లేచింది. మోడ్‌ప్రోబ్ ఫైల్లో సరైన మోడల్ పేరు ఒక్క లైన్ రాస్తే చాలింది. కాకపోతే ఆ పేరు దొరకడానికి మూడు రాత్రులు పట్టింది.

మీరూ మారాలనుకుంటే ముందే ఇన్‌స్టాల్ చేసేయకండి. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌లో బూట్ చేసి పాట వినండి, మీ గొంతు రికార్డ్ చేయండి, హెడ్‌ఫోన్స్ గుచ్చి తీయండి. నేను మైక్ చూడటం మర్చిపోయాను. ఏదైనా పలక్కపోతే ఆల్సా-ఇన్ఫో అనే స్క్రిప్ట్ నడిపి, వచ్చిన రిపోర్ట్‌ని మీ డిస్ట్రో బగ్ పేజీలో పెట్టండి.

ఆ రికార్డింగ్ తీసుకుని మళ్ళీ గొల్లపల్లి వెళ్ళాను. పెద్దాయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు. తీసి నా చేతిలో పెట్టి, "ఏడో మెట్టు ఇంకా కుదర్లేదు బాబూ" అని లేచి మైనం వేడిచేయడానికి వెళ్ళిపోయారు.