అమ్మ గుండెదడకు తేదీ ఉంది

ఐరాలలో మా ఇంటి అటక మీది ట్రంకుపెట్టెలో, పాసుపుస్తకాల కింద ఒక ఆస్పత్రి కాయితం దొరికింది. 2000 సంవత్సరానిది. అప్పటికి అమ్మకు 35 ఏళ్లు. గర్భసంచి తీసేశారని నాకు తెలుసు. రెండు అండాశయాలూ తీసేశారని ఆ కాయితం చదివేదాకా తెలీదు. అమ్మకూ తెలీదు.

‘మనకు తెలియని మన చరిత్ర’ (1986) చదివి మౌఖిక చరిత్రల మీద ఇష్టం పెంచుకున్నదాన్ని నేను. ఎన్ని ఊళ్లలోనో ఆడవాళ్ల ముందు రికార్డరు పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ ముందు కూర్చోవాలని మాత్రం 37 ఏళ్లు వచ్చేదాకా తోచలేదు.

“కోసినాక రెండు నెల్లకు మొదులైంది పాపా. చెనిక్కాయ చేలో ఉన్నెట్టుండి గుండెకాయ గొంతులోకొచ్చినట్టు కొట్టుకునేది. ఒళ్లంతా ఆవిర్లు, చెమట్లు. గెనం మీద కూలబడేదాన్ని.”

ఆర్.ఎం.పి. నరాల బలహీనతని సూది వేశాడు. టౌనులో పెద్ద డాక్టరు ‘ఊరికే భయపడతా ఉండావు’ అని నిద్రమాత్ర రాశాడు. అవ్వ గాలి సోకిందని తాయెత్తు కట్టించి, కాణిపాకం వినాయకుడికి మొక్కుకుంది. నిజం చెప్పాలంటే వీళ్లందరిలో అవ్వే నయం. రాత్రుళ్లు పక్కన కూర్చుని వీపు నిమిరేది.

ఆ నిద్రమాత్ర వెనక పెద్ద చరిత్రే ఉంది. ‘మెనోపాజ్’ అన్న మాటను ఫ్రెంచి వైద్యుడు గార్దాన్ 1821లో వాడాడు. 1857లో లండన్ వైద్యుడు ఎడ్వర్డ్ టిల్ట్ ఈ దశ మీద పుస్తకమే తెచ్చాడు, కానీ చికిత్సలో మత్తుమందులకే పెద్దపీట. 1942లో అమెరికాలో చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్ మాత్ర మార్కెట్టుకొచ్చింది. 1966లో రాబర్ట్ విల్సన్ ముట్లుడగడాన్నే లోపజబ్బుగా ప్రకటించాడు. భయమనో, లోపమనో మగవైద్యులు పేరు పెట్టడమే గానీ ఆమెను అడిగిందెక్కడ?

2002 జూలైలో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనంలో కొంత భాగాన్ని మధ్యలో ఆపేశారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బులు పెరిగాయని. హార్మోన్లంటే లోకమంతా జడుసుకుంది. అయితే అందులోని ఆడవాళ్ల సగటు వయసు 63. 35 ఏళ్లకే అండాశయాలు పోయినవాళ్ల లెక్క వేరు. వేరే అడ్డంకి లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసుదాకా వాళ్లకు హార్మోన్లు ఇవ్వాలనే నేటి వైద్యం చెబుతుంది. లేకుంటే దడ, ఆవిర్లే కాదు, గుండెజబ్బు, ఎముకల బోలుతనం ముప్పు కూడా పెరుగుతుంది.

ఇది మా అమ్మ ఒక్కదాని కథయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మధ్య గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెల్లబట్ట అవుతోందని పోతే ‘బిడ్డలైపోయినారు కదా, ఇంకెందుకమ్మా సంచి’ అనడం మా వైపు వినని ఆడమనిషి ఉండదేమో. 1991లోనే తెలుగులో ‘సవాలక్ష సందేహాలు’ వచ్చింది. మా ఇంటిదాకా రాలేదు.

మొన్న అమ్మను తిరుపతి తీసుకుపోయాను. ఇ.సి.జి., రక్తపరీక్ష, థైరాయిడ్, ఒళ్లంతా తీగలతో 24 గంటల హోల్టర్. దడ అన్న ప్రతి ఆడదానికీ కనీసం మొదటి మూడూ చేయాలి, వయసు మీదికి నెట్టేయకుండా. అప్పుడప్పుడూ ఒక దెబ్బ అదనంగా పడుతోంది, ప్రమాదం లేదన్నారు. ఎముకలు మాత్రం బోలువారాయి. 60 దాటాక హార్మోన్లు కొత్తగా మొదలుపెట్టడం మంచిది కాదన్నారు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. కాగితం నింపుతూ “ఎన్నేళ్లకు ముట్లుడిగినాయమ్మా?” అనడిగింది.

“ఉడగలేదమ్మా, తీసేసినారు” అంది అమ్మ.

ఆ అమ్మాయి రాయడం ఆపి తలెత్తింది. నేను సంచిలోంచి పాత కాయితం తీసి బల్ల మీద పెట్టాను.