చెర్రీతోట – మన మామిడితోట

రష్యను సాహిత్యమనగానే మనవారిలో పలువురికి మంచు, దారిద్ర్యం, దుఃఖమే స్ఫురిస్తాయి. ఆ దుఃఖానికి అంత అందం ఎట్లా వచ్చిందో తెలుసుకొనడానికి హోసూరు, కృష్ణగిరి తెలుగువారు దూరం పోనక్కరలేదు. మామిడితోపు ఎరిగినవారికి చెహోవ్ వ్రాసిన 'చెర్రీతోట' నాటకం సులభంగానే బోధపడుతుంది.

అప్పులపాలైన జమీందారు కుటుంబానికి విరగబూసిన తోట ఒకటి మిగిలింది. పూర్వం ఆ పండ్లను ఎండబెట్టి బళ్లమీద మాస్కోకు, ఖార్కోవుకు పంపేవారట. ఆ ఎండబెట్టే ఒడుపు ఇప్పుడెవరికీ గుర్తులేదని ముసలి నౌకరు ఫిర్స్ అంటాడు. చెట్లు కొట్టించి, స్థలం ముక్కలు చేసి వేసవి విడుదులకు బాడుగకిస్తే అప్పు తీరుతుందని లోపాహిన్ అనే వర్తకుడు హితవు చెబుతాడు. వారు వినరు. కడకు వేలంపాటలో తోటను అతడే కొంటాడు. అతని తండ్రి, తాత ఆ ఎస్టేటులోనే బానిసలు!

రష్యాలో ఆ వెట్టిరైతులకు 1861లో విముక్తి కలిగింది. ఊడిగం పోయిన పిదప జమీందార్లు చాలామంది భూములు తాకట్టుపెట్టి బ్రతికినారు. చెహోవ్ తాత అంతకు ముందే, 1841లో, సొమ్ము కట్టి తన కుటుంబానికి స్వేచ్ఛ కొన్నాడు. తండ్రి తగన్‌రోగ్ పట్టణంలో అంగడి నడిపి, 1876లో దివాలాతీసి మాస్కోకు పారిపోయినాడు, ఇల్లు పరులపాలైంది. (మనకది ధాత సంవత్సరం. ఈ తాలూకాలు అప్పుడు చేరియున్న సేలం జిల్లాలో మహాక్షామం మొదలైన ఏడు.) కనుక కొన్నవాని గర్వమూ, పోగొట్టుకున్నవారి ఏడుపూ రెండూ చెహోవ్ ఇంట్లోవే. అందుకే అతడు ఎవరినీ దుష్టునిగా నిలబెట్టలేదు. ఆ నాటకం అందమంతా ఈ సమదృష్టిలోనే ఉన్నదని నా అభిప్రాయం.

1904 జనవరిలో మాస్కో ఆర్ట్ థియేటరు దానిని ప్రదర్శించింది. రచయిత హాస్యనాటకమన్నాడు; స్టానిస్లావ్‌స్కీ విషాదమన్నాడు. ఆ తగవు నేటికీ తేలలేదు. ఆ జూలైలోనే చెహోవ్ 44వ ఏట క్షయతో కన్నుమూశాడు.

1970ల నుండి హోసూరుకు కర్మాగారాలు వచ్చినాయి, వెనుకనే లేఅవుట్లు వచ్చినాయి. తోట అమ్మినవాడూ మనవాడే, కొన్నవాడూ తరచు మనవాడే. వాని తాత అదే తోటకు కావలి కాసియుండవచ్చు. అతణ్ణి తిట్టడం సులువు. కాని చెట్లతోపాటు గట్లకూ, బావులకూ, గుంటలకూ మన పెద్దలు పెట్టుకున్న తెలుగు పేర్లు కూడా పోతున్నాయి. 1956లో భాషారాష్ట్రాల హద్దులు గీచినపుడు ఇవతల మిగిలిన మనకు ఆ పేర్లే దస్తావేజులు. ప్లాట్లకు నంబర్లే గాని పేర్లుండవు.

నాటకం చివర ఫిర్స్‌ను మరచి, ఇంటికి తాళంవేసి అందరూ వెళ్లిపోతారు. ముసలివాడు అక్కడే పడుకుంటాడు. ఎక్కడో తీగ తెగిన ధ్వని. ఆ వెనుక, తోటలో చెట్టుమీద గొడ్డలి దెబ్బ.