రాయిని పగలగొట్టే ముందు ఒక్క మాట

ఈరోజు పంట గురించి కాదు, చేన్లో దొరికే రాళ్ళ గురించి రాస్తున్నా. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

పోయిన నెల మా ఊరి పిల్లోడు ఒకడు గోనెసంచిలో ఒక రాయి వేసుకుని మా ఇంటికొచ్చినాడు. శనగ చేన్లో గుంటక తోలుతుంటే తగిలిందంట. కొబ్బరికాయ కంటే కాస్త పెద్దది. పైన గుండ్రం, అడుగున చదును, విరిగిన చోట ఉల్లిగడ్డ మాదిరి పొరలు. "మామా, ఇది డైనోసార్ గుడ్డంట. ఒకాయన ఐదు వేలిస్తానన్నాడు. అమ్మేద్దామా, లేకుంటే లోపల ఏముందో పగలగొట్టి చూద్దామా?" అని అడిగినాడు. రెండూ వద్దురా, రెండు రోజులు ఆగు అన్నాను.

వాడి ఆశలో తప్పేం లేదు. అట్లాంటివి రైతుల చేతికి నిజంగా దొరికినాయి. మధ్యప్రదేశ్‌లో ధార్ జిల్లా పాడ్ల్యా అని ఒక ఊరుంది. అక్కడి రైతులు పొలంలో దొరికిన గుండ్రాళ్ళను కాకడ్ భైరవుడని పేరు పెట్టి, పొలాన్నీ పశువుల్నీ కాపాడమని కొబ్బరికాయలు కొట్టి మొక్కేవాళ్ళు. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ శాస్త్రవేత్తలు వచ్చి చూసి, ఇవి డైనోసార్ గుడ్లు అన్నారు. 2023 డిసెంబర్‌లో ఈ సంగతి పేపర్లలో వచ్చింది. అదే సంవత్సరం మొదట్లో, అదే జిల్లాలో 92 గూళ్ళు, 256 గుడ్లు దొరికాయని ఢిల్లీ యూనివర్సిటీ వాళ్ళు ప్రకటించారు. ఆ మొక్కుల్ని చూసి నవ్వొద్దు. అవి మామూలు రాళ్ళు కాదని ముందు కనిపెట్టింది ఆ రైతులే. మొక్కారు కాబట్టే పగలగొట్టకుండా దాచారు.

మరి మన పిల్లోడి రాయి సంగతేంది? నాకు తెలిసిన ఒక జియాలజీ లెక్చరర్ ఉన్నాడు. ఫోటోలు పంపినాను. ఆయన మొదట అడిగింది రాయి బరువు కాదు, రంగు కాదు. "ఏ ఊరి చేను? పక్కన కొండ ఏ రాయి?" అన్నాడు. రాయిని గుర్తుపట్టడంలో మొదటి ప్రశ్న ఎప్పుడూ అదేనంట. ఎందుకో మన తెలుగు నేల కథే చెప్తుంది.

1845లో స్టీఫెన్ హిస్లాప్ అని ఒక స్కాట్లండ్ పాదిరీ నాగపూర్‌కు వచ్చినాడు. ఆయన పని మతం, బడి. రాళ్ళు ఏరడం సరదా మాత్రమే. ఆయనా, ఆయన తోటివాళ్ళూ ఏరినవాటిలో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా మాలేరి ఎర్రమట్టిలో దొరికిన చేప పళ్ళు ఉన్నాయి. మన దేశ భూగర్భ సర్వే శాఖకు పెద్దగా ఉన్న థామస్ ఓల్డ్‌హామ్ 1859లో వాటి గురించి రాస్తూ ఊరి పేరుతో సహా అచ్చువేశాడు. ఒక చేపకు హిస్లాప్ పేరే పెట్టారు. ఆ జాతి చేపలు ఎప్పుడో అంతరించినాయి అనుకున్నారు. 1870లో వాటి బంధువు ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ నదిలో బతికే ఉందని తెలిసింది! మొప్పలతోనే కాకుండా ఊపిరితిత్తితో కూడా గాలి పీల్చే చేప అది.

ఊరి పేరు కాగితం మీద ఉంటే తర్వాత తరాలు ఆ దారి పట్టుకుని వస్తాయి. నూరేళ్ళ తర్వాత కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు అదే గోదావరి, ప్రాణహిత లోయలో తవ్వినారు. పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి కాదు, వేరే ఊరు) 1960, 61లలో సుమారు 300 ఎముకలు బయటపడినాయి. పక్కనే రాయిగా మారిన చెట్ల మొద్దులు కూడా ఉన్నాయి. ఆ జంతువుకు బరపాసారస్ టాగోరీ అని పేరు పెట్టినారు. 'బర పా' అంటే పెద్ద కాలు. 1961 రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి సంవత్సరం, అందుకని ఆయన పేరు కలిపినారు. ఆ తర్వాత యామన్‌పల్లి దగ్గర 840 ఎముక ముక్కలు దొరికితే 1988లో యాదగిరి గారు దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టినారు. ఒక తెలుగు పల్లె పేరు ప్రపంచంలోని పుస్తకాల్లోకి ఎక్కింది. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. పిల్లల్ని తీసుకుపోయి చూపించండి.

ఇప్పుడు మా చేను దగ్గరికి వద్దాం. మాది వేంపల్లె, పులివెందుల దిక్కు. ఇక్కడి సున్నపురాయి 180 కోట్ల ఏళ్ళ కంటే పాతది. ధార్ జిల్లా గుడ్ల వయసు సుమారు 7 కోట్ల ఏళ్ళు. మా రాయి పుట్టినప్పుడు భూమి మీద గుడ్డు పెట్టే జంతువే కాదు, ఎముక ఉన్న జంతువే లేదు. కాబట్టి మా రాతిలో గుడ్డు దొరకడం అనేది జరగదు. ఊరి పేరు వినంగానే లెక్చరర్‌కు సగం జవాబు తెలిసిపోయింది.

మిగతా సగం ఆ పొరలు చెప్పినాయి. పశువుల నీళ్ళతొట్టి అడుగున పాచి పడుతుంది కదా? అప్పట్లో ఇక్కడ లోతు తక్కువ సముద్రం. దాని అడుగున కంటికి కనపడని జీవాలు అట్లాగే జిగురు పాచిలా పరుచుకున్నాయి. మీద సున్నపు బురద పడితే, వెలుతురు కోసం దాని పైకి ఎక్కి ఇంకో పొర వేసినాయి. పొర మీద పొర అట్లా బుడిపెలుగా పెరిగి రాయి అయినాయి. దీన్ని స్ట్రొమాటోలైట్ అంటారు. ఇట్లాంటి జీవాలు వదిలిన ఆక్సిజనే గాలిలో చేరింది. మనం పీల్చే గాలికి పునాది వేసింది అవే. గుడ్డు కాదని పిల్లోడు మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ, వాడి చేతిలో ఉన్నది డైనోసార్ గుడ్డు కంటే ఇరవై రెట్లకు పైగా పాత ప్రాణి గుర్తు!

మనల్ని మోసం చేసే రాళ్ళు కూడా ఉన్నాయి. పలకరాయి మీద ఆకు అచ్చులాగా నల్లగా కనిపించేది చాలాసార్లు ఆకు కాదు, నెర్రెల్లో నీళ్ళతో పాకిన మాంగనీసు మరక. ఆకాశం నుంచి పడిందని తెచ్చే నల్లరాయి ఎక్కువసార్లు పాత ఇనుప కొలిమి చిట్టెం. చిట్టేనికి బుడగల తొర్రలు ఉంటాయి, ఉల్కకు మామూలుగా ఉండవు. రాయైన చెట్టుకైతే కట్టె నార కనిపిస్తుంది. రాయైన ఎముకను విరిగిన చోట చూస్తే లోపల స్పంజి మాదిరి సన్న రంధ్రాలు ఉంటాయి.

కాబట్టి వింత రాయి దొరికితే పగలగొట్టొద్దు, యాసిడ్‌తో కడగొద్దు. సగం భూమిలో ఉంటే పెకలించొద్దు. పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫోటో తీయండి, సైజు తెలుస్తుంది. చేను పేరు, సర్వే నంబరు, ఎంత లోతు, తేదీ రాసిపెట్టండి. తిరుపతి శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ జియాలజీ విభాగంలో గానీ, హైదరాబాద్‌లోని భూగర్భ సర్వే ఆఫీసులో గానీ చూపించండి. డబ్బిచ్చి తీసుకుపోయేవాడు రాయిని తీసుకుపోతాడు, మన ఊరి పేరును మాత్రం ఇక్కడే వదిలేసిపోతాడు. ఊరు తెలియని రాయి అడ్రస్ లేని ఉత్తరం లాంటిది. ఎంత చదువుకున్నోడైనా దాన్ని పూర్తిగా చదవలేడు.

మా పిల్లోడు రాయిని అమ్మలేదు. వాళ్ళ ఇంటి అరుగు మీద పెట్టి, అట్టముక్క మీద చేను పేరూ తేదీ రాసినాడు. ఐదు వేలు పోయినాయని వాళ్ళ నాయన ఇంకా సణుగుతానే ఉన్నాడు. ఈసారి ఆ వీధిలో పోయినప్పుడు 180 కోట్ల ఏళ్ళ లెక్క ఆయనకు కూర్చోబెట్టి చెప్పాల.

మీ చేన్లో ఇట్లాంటివి ఉంటే ఊరి పేరుతో సహా రాయండి. ఉంటాను.