రాత్రి రెండు గంటలకు పలికే మనుషులు

కోదాడ. మే నెల రాత్రి, రెండు దాటింది. విజయవాడ వైపు పోయే లారీల హోరు హైవే నుంచి ఈ సందు దాకా వస్తోంది. పోయిన కరెంటు ఇప్పుడే వచ్చింది. ఫ్యాను తిరుగుతున్నా గోడలు ఇంకా వేడి కక్కుతున్నాయి. మంచం మీద ఆరో తరగతి పిల్ల పడుకుని ఉంది. తల్లి ఆ పిల్ల మెడ కింద చెయ్యి పెట్టి చూసింది. ఈ ఉక్కలో చెమట పట్టడం వింతేం కాదు. కానీ ఈ చెమట చల్లగా ఉంది. సెల్‌ఫోన్ లైటు వేసింది. నిద్రలోనే పిల్ల వేలు పట్టుకుని సూదితో గుచ్చి, నెత్తురు బొట్టును స్ట్రిప్పుకు అంటించింది. మీటరు మీద 58.

70 కంటే తగ్గితే ఇంకేం ఆలోచించకూడదు. ముందు చక్కెర లోపలికి పోవాలి. డబ్బా మంచం పక్కనే ఉంది. రెండు చెంచాల గ్లూకోజ్ పొడి, కాసిని నీళ్లు. ఈ పిల్ల బరువుకు డాక్టరు చెప్పిన కొలత అది. పెద్దవాళ్లకైతే మూడు చెంచాలు, అంటే 15 గ్రాములు. "లే బిడ్డా, ఒక్క గుక్క. మింగమ్మా, మింగు." పిల్ల కళ్లు తెరవకుండానే మింగుతోంది. మింగుతోంది కాబట్టి ధైర్యం. స్పృహ తప్పిన మనిషి నోట్లో చుక్క కూడా పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పుడిక ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

ఇప్పుడు పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ఈ పదిహేను నిమిషాలే గడవవు. భర్త డ్యూటీ మీద హైదరాబాద్‌లో ఉన్నాడు. అత్తను లేపితే ఏడుపు మొదలవుతుంది. ఆమె ఫోను తీసి షుగర్ ఉన్న ఇళ్లవాళ్ల వాట్సాప్ గ్రూపులో టైపు చేసింది. "పాపకు 58 వచ్చింది. గ్లూకోజ్ తాపిన. భయమైతుంది."

నిమిషంలోనే సూర్యాపేట నుంచి జవాబు. "టైం చూసుకున్నవా అక్కా? పదిహేను నిమిషాలకు మళ్ల చూడు. సాయంత్రం ఆడిందా?"

"చీకటి పడేదాక ఆడింది అన్నా."

"అందుకే. ఎక్కువ ఆడిన రోజు రాత్రి తగ్గుతది. మా బాబుకు కూడ అట్లనే అయితది."

ఆయన చెప్పింది నిజం. ఆటలో ఖర్చయిన చక్కెరను కండరాలు రాత్రంతా నెత్తురులోంచి తిరిగి నింపుకుంటాయి. వేసిన ఇన్సులిన్ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. రెండూ కలిసి నడిరాత్రి షుగర్‌ను పడగొడతాయి. ఈ మాట ఏ డాక్టరైనా చెప్పగలడు. రాత్రి రెండు గంటలకు చెప్పే మనిషి మాత్రం తానూ అదే పని మీద మేల్కొని ఉన్న ఇంకో తండ్రే. సూర్యాపేటలో ఆయన కూడా కొడుకు వేలు గుచ్చడానికి అలారం పెట్టుకుని లేచాడు.

రెండోసారి మీటరు 96 చూపింది. ఆమె ఆ అంకె ఒక్కటే పెట్టింది. "ఇగ రెండు బిస్కెట్లు తినిపించి పండుకోబెట్టక్కా" అని ఈసారి మిర్యాలగూడ నుంచి వచ్చింది.

ఈ పిల్లది టైప్ 1. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారి తప్పి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేసింది. తల్లి మిఠాయిలు పెట్టినందుకు వచ్చింది కాదు, ఎవరి పాపమూ కాదు. అయినా బంధువులు ఆ తల్లినే అడుగుతారు, ఏం తినిపించావని. ఆమె ఆ గ్రూపులో భర్త పేరు మీదున్న నంబరుతో చేరింది, పిల్ల పేరు ఎక్కడా రాయదు. "రేపు పెళ్లి కావద్దా?" అని ఇంట్లోవాళ్ల భయం. బడిలో పిల్ల బాత్రూములోకి పోయి పొట్టకు సూది వేసుకుంటుంది. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఈ దాపరికమే. క్లాసులో కళ్లు తిరిగి పడితే పక్క బెంచీ పిల్లకు ఏం చేయాలో తెలియదు. టీచరుకూ తెలియదు.

కోదాడలో ఆ గది మూలన తడి ఇసుక పోసిన పెద్ద కుండ, దానిలో చిన్న కుండ, మీద తడిగుడ్డ. ఇన్సులిన్ అందులో ఉంది. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తెరిచిన సీసా మామూలు గది వేడిలో దాదాపు నాలుగు వారాలు నిలుస్తుంది. కానీ ఉమ్మడి నల్గొండ ఎండాకాలంలో మామూలు గది ఎక్కడుంది? ఫ్రిజ్ లేని ఇళ్లలో, కరెంటు పోయిన రాత్రుల్లో ఈ రెండు కుండలే దిక్కు. నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేసుకుంటుంది. ఫ్రిజ్ ఉన్నవాళ్లకు ఇంకో ప్రమాదం: ఐసు గడ్డకట్టే అర పక్కన పెడితే ఇన్సులిన్ గడ్డకడుతుంది. మళ్లీ కరిగినా ఇక పనిచేయదు. ఈ కుండల ఫోటో ఆ గ్రూపులో ఇంటింటికీ తిరిగింది.

తెల్లవారింది. సూర్యాపేట సద్దుల చెరువు కట్ట. ఇక్కడి గుంపు వేరు, టైప్ 2 వాళ్లు: రిటైరైన టీచర్లు, ఆర్టీసీ డ్రైవర్లు, మార్కెట్ యార్డు వ్యాపారులు. "పొద్దుగాల పరగడుపున ఎంతొచ్చింది సారూ?" అన్నదే ఇక్కడ పలకరింపు. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో లెక్క తేల్చింది. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్, మరో 13.6 కోట్ల మంది దాని గడప మీద ఉన్నారు. కట్ట మీద నడుస్తుంటే ఆ అంకెలకు మొహాలు కనిపిస్తాయి.

ఈ నడకవాళ్లను ఫోనులో ఒకచోట చేర్చింది కరోనా. 2020 ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ చుట్టుపక్కల కేసులు పెరిగి వీధులు మూసేశారు. నడక ఆగింది. మాత్రలు అయిపోయాయి. డాక్టర్లు ఫోనులో చూడవచ్చని కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది ఆ ఏడాది మార్చి 25నే. ఏ మందుల షాపు తెరిచి ఉంది, ఏ డాక్టరు ఫోను ఎత్తుతున్నాడు అని ఒకరికొకరు చెప్పుకోవడంతో ఇలాంటి గ్రూపులు బలపడ్డాయి.

కట్ట మీద బెంచీ దగ్గర ఓ పెద్దాయన రెండు సిరంజిలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఒకదానికి ఎర్ర మూత, ఒకదానికి నారింజ మూత. దయచేసి ఇక్కడ ఆగి చూడండి. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికే ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నులో వేసే కార్ట్‌రిడ్జిలో మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉంటాయి. పెన్ను పాడైందని కార్ట్‌రిడ్జిలోంచి ఎర్ర మూత సిరంజితో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 10 కాదు, 25 యూనిట్లు. ప్రాణం పోయేంత తేడా. ఆయన ఫోటో తీసి గ్రూపులో పెడుతున్నాడు: "ఎర్ర మూత 40కి, నారింజ మూత 100కి. పెన్ను మందును సిరంజితో లాగొద్దు."

మధ్యాహ్నానికి మిర్యాలగూడ. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పండించిన వడ్లు ఇక్కడి మిల్లులకు చేరతాయి. ఊక దుమ్ము గొంతులో పడుతుంది. కాంక్రీటు కల్లం మీద కాలు పెడితే చురుక్కుమంటుంది. ఆ చురుకు తెలియని కాళ్లూ ఇక్కడ ఉన్నాయి. ఏళ్ల తరబడి షుగర్ అదుపులో లేక పాదాల నరాలు మొద్దుబారినవాళ్లకు బొబ్బ లేచినా తెలియదు, పుండయ్యాకే తెలుస్తుంది.

బస్తాల నీడలో ఒక హమాలీ కూర్చున్నాడు. చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. కొత్తవాళ్లు చూస్తే తాగాడనుకుంటారు. పొద్దున గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకున్నాడు. లారీ ఆలస్యంగా వచ్చింది, లోడు పూర్తయ్యేదాకా అన్నం తినలేదు. మాత్ర మాత్రం ఆగదు, షుగర్‌ను దించేస్తూనే ఉంటుంది. ముఠా మేస్త్రి జేబులోంచి గ్లూకోజ్ పొట్లం తీశాడు. "ముందు ఇది తిను, మూట తర్వాత." మేస్త్రికి ఇది తెలియడానికి కారణం హమాలీ కూతురే. తండ్రి జబ్బు గురించి గ్రూపులో చదివి, ఒక వాయిస్ మెసేజ్ మేస్త్రికి పంపింది. దాచుకోకుండా చెప్పడం వల్ల ఓ మనిషి నిలబడ్డాడు.

టిఫిన్ బాక్సులో తెల్లన్నం. ఈ మిల్లు ఊరిలో అన్నం మానెయ్యమని చెప్పడం తేలిక. వినేవాళ్లుండరు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారుచేసిన తెలంగాణ సోనా, రైతుల నోట ఆర్‌ఎన్‌ఆర్, గ్లైసీమిక్ ఇండెక్స్ 51 చుట్టూ ఉన్న బియ్యం. 55 లోపు తక్కువ కిందే లెక్క. కానీ పళ్లెం నిండా పెట్టుకుంటే ఏ బియ్యమైనా షుగర్ పెంచుతుంది. అన్నం సగానికి తగ్గించి పప్పు, ఆకుకూర పెంచమని గ్రూపులో ఒక అక్క రాసింది. అది జరిగే పని.

ఆ సాయంత్రమే గ్రూపులో గొడవ. ఎవరో ఒక వీడియో పంపారు: ఫలానా కషాయం తాగండి, ఇన్సులిన్ అవతల పారేయండి. "నాకు తగ్గింది" అని ఒకాయన వంత పాడాడు. ఆయనది అబద్ధమని నేననను. 2017లో బ్రిటన్‌లో వెలువడిన డైరెక్ట్ అధ్యయనంలో, డాక్టర్ల పర్యవేక్షణలో బాగా బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన టైప్ 2 వాళ్లలో 46 శాతం మందికి ఏడాది తర్వాత మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉంది. వాళ్లంతా జబ్బు బయటపడి ఆరేళ్లు దాటనివాళ్లు. కానీ అదే వీడియోను కోదాడ తల్లి కూడా చూస్తోంది. ఆ పిల్ల ఇన్సులిన్ మానితే కొద్ది రోజుల్లోనే నెత్తురు ఆమ్లమై ప్రాణం మీదికి వస్తుంది. 1922 జనవరి 11న టొరంటోలో 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు మొదటి సూది పడేదాకా ఇలాంటి పిల్లలకు బతుకే లేదు. ఇన్సులిన్ కనుగొన్నవారిలో ఒకరైన బాంటింగ్ పుట్టినరోజు నవంబర్ 14, మన పిల్లల పండుగ రోజే.

అడ్మిన్ వీడియో తీసేశాడు. పంపినాయనను మాత్రం తీసేయలేదు, ఫోను చేసి మాట్లాడాడు. గ్రూపు నిలిచేది అలాంటి అడ్మిన్ వల్లేనని నా గట్టి నమ్మకం. డోసు అంకెలు గ్రూపులో చెప్పనివ్వడు, మందులు అమ్మేవాళ్లను రానివ్వడు. దేశంలో ఈ పని పెద్ద ఎత్తున చేస్తున్నవాళ్లూ ఉన్నారు. చిన్నప్పటి నుంచీ టైప్ 1తో బతుకుతున్న నూపుర్ లల్వానీ పుణెలో బ్లూ సర్కిల్ డయాబెటిస్ ఫౌండేషన్ నడుపుతున్నారు. అమెరికాలో 2013లో జాన్ కాస్టిక్ అనే తండ్రి, కొడుకు ఒంటి మీది సెన్సర్ అంకెలు తన ఫోనులో కనబడేలా సొంతంగా ప్రోగ్రాం రాసుకుని నలుగురితో పంచుకున్నాడు. ఆ పనే పెరిగి నైట్‌స్కౌట్ అయింది.

మీ ఇంట్లో, మీ వీధిలో షుగర్ ఉన్న మనిషి ఉంటే ఒంటరిగా వదలకండి. తోటివాళ్లున్న ఓ గ్రూపులో చేర్చండి. భయం, అనుభవం, కుండల ఫోటోలు అక్కడ పంచుకోండి. డోసు మాత్రం డాక్టరునే అడగండి. బడిలో టీచరుకు, పనిచోట మేస్త్రికి ఈ వారమే చెప్పి, గ్లూకోజ్ పొట్లం వాళ్ల చేతిలో పెట్టండి. ఇన్సులిన్ మానెయ్యమనే మాటను సరిదిద్దే నాథుడు లేని గ్రూపులో మాత్రం ఒక్క రోజు కూడా ఉండకండి.