న్యాయమూర్తి గారి చిటికెన వేలు

అలన్ పేజ్ బడికి వచ్చి పిల్లల మధ్య కూర్చుని పుస్తకం తెరిస్తే, వాళ్ల చూపు ముందు ఆయన చిటికెన వేలి మీదికే పోతుంది. ఆ వేలు మధ్య కణుపు దగ్గర పక్కకు తిరిగి, మిగతా వేళ్లకు దూరంగా అడ్డంగా నిలబడి ఉంటుంది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిన రోజుల్లో కీలు తప్పి అలాగే ఉండిపోయిన వేలు అది. దాని గురించి పిల్లలు అడిగీ అడిగీ, చివరికి 2013లో ఆయన తన కూతురితో కలిసి ఆ వేలి మీదే ఒక బొమ్మల పుస్తకం రాశారు.

ఆ వేలున్న చెయ్యి 15 సీజన్ల పాటు ఎదుటి జట్ల వాళ్లను నేలకు పడగొట్టింది. ఆ తర్వాత 22 ఏళ్లకు పైగా మిన్నెసోటా రాష్ట్ర సుప్రీంకోర్టులో తీర్పులు రాసింది. క్రీడాకారుడు న్యాయమూర్తి అయ్యాడని ఈ కథను రెండు ముక్కలుగా చెప్పడం అందరికీ అలవాటు. ఆయన జీవితాన్ని దగ్గరగా చూస్తే నాకు ఒకే కథ కనిపిస్తుంది. తన కండబలానికి మాత్రమే వెల కట్టిన లోకంలో, తనకు చదవడం వచ్చునన్న సంగతిని ఈ మనిషి ఏనాడూ మరచిపోలేదు, ఎవరినీ మరచిపోనివ్వలేదు.

పేజ్ 1945 ఆగస్టు 7న ఒహాయో రాష్ట్రంలోని క్యాంటన్‌లో పుట్టారు. ఉక్కు మిల్లులు, టిమ్‌కెన్ బేరింగుల కార్ఖానా ఉన్న ఊరు. నల్లజాతి కుటుంబాల మగపిల్లలు పెద్దయితే ఆ మిల్లు గేట్ల దారే పట్టేవారు. ఆ పని మీద అలన్‌కు చిన్నప్పుడే మనసు లేదు. 1954లో, నల్ల పిల్లలకు వేరు బడులు పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని బ్రౌన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు వాడికి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. ఆ వార్త పత్రికలో చదివిన గుర్తు ఆయనకు ఇప్పటికీ ఉంది. నాలుగో తరగతికే లాయరు కావాలనుకున్నాడు. అప్పటికి వాడికి తెలిసిన లాయర్లెవరూ లేరు. పదమూడో ఏట తల్లి చనిపోయింది.

క్యాంటన్‌కు ఇంకో పేరుంది. అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి లీగు 1920లో అక్కడే పుట్టింది. అందుకే ఆ క్రీడలోని గొప్పవాళ్ల స్మారకభవనం, హాల్ ఆఫ్ ఫేమ్, ఆ ఊళ్లోనే కట్టారు. 1963లో అది తెరిచేనాటికి పేజ్ అక్కడే హైస్కూలు పూర్తిచేశారు. ఆ భవనం కట్టిన కూలీల జట్టులో ఆయన కూడా పనిచేశారు. వేసవి సెలవుల్లో నాలుగు డబ్బుల కోసం చేసిన పని. పాతికేళ్ల తర్వాత అదే భవనంలో ఆయన విగ్రహం పెట్టారు.

అక్కడి నుంచి నోట్రడేమ్ విశ్వవిద్యాలయం. 1966లో ఆ జట్టు జాతీయ చాంపియన్. 1967లో రాజనీతిశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నారు. ఆ ఏడాదే మిన్నెసోటా వైకింగ్స్ జట్టు ఆటగాళ్ల ఎంపికలో పదిహేనో పేరుగా ఆయన్ని తీసుకుంది.

ఆయన ఆడిన స్థానం గురించి కొంచెం చెప్పుకోవాలి. ఒక్కో జట్టుకు 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి. బంతిని ఎటు విసరాలో, ఎవరికి అందించాలో నిర్ణయించేవాడు క్వార్టర్‌బ్యాక్. వాడి ముందు భారీ మనుషులు గోడకట్టి నిలబడతారు. ఆ గోడకు నట్టనడుమ ఎదురుగా నేల మీద చెయ్యి ఆనించి వంగి ఉండేవాడు డిఫెన్సివ్ టాకిల్. గోడను చీల్చుకుని పోయి, బంతి చెయ్యి దాటకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం వాడి పని. దాన్నే సాక్ అంటారు. కూతకొచ్చినవాడు గీత దాటి వెనక్కి పోకముందే ఒడిసిపట్టే కబడ్డీ ఆటగాడికి ఈ తొందర ఏమిటో వెంటనే తెలుస్తుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ మధ్యలో అడ్డం నిలబడి తోసేవాళ్లు కూడా ఉంటారు.

పేజ్ బరువు 245 పౌండ్లు, అంటే 111 కిలోలు. మనకది భారీ అనిపిస్తుంది కానీ ఆ స్థానానికి అది తక్కువే. ఆయన బలం మొదటి అడుగులో ఉండేది. బంతి కదిలిన క్షణానికే ఆయన కదిలేవారు. ఎదుటివాడు నడుము ఎత్తేలోపు వాడి భుజం పక్కనుంచి దూరిపోయేవారు. కార్ల్ ఎల్లర్, జిమ్ మార్షల్, గ్యారీ లార్సన్, పేజ్, ఈ నలుగురి వరుసకు ఊదా రంగు జెర్సీల వల్ల ‘ఊదా నరభక్షకులు’ అని పేరు పడింది. వాళ్లు ఆడింది పైకప్పు లేని మెట్రోపాలిటన్ స్టేడియంలో, మిన్నెసోటా మంచులో. మైదానం పక్కన హీటర్లు పెట్టడానికి కోచ్ బడ్ గ్రాంట్ ఒప్పుకునేవారు కాదు. 1969లో ఈ జట్టు 14 ఆటల్లో ఎదుటివాళ్లకు ఇచ్చినవి మొత్తం 133 పాయింట్లు. ఆటకు పది కూడా లేవు.

1971 పేజ్ సంవత్సరం. ఆ డిసెంబరులో డెట్రాయిట్ లయన్స్‌తో జరిగిన ఆట ఫిల్ముల్లో మిగిలింది. రిఫరీలు ఆయన మీద వెంటవెంటనే రెండు తప్పులు వేశారు. రెండూ అన్యాయమనే ఆయన అనుకున్నారు. వాదించలేదు. ఆ తర్వాత వరసగా ఎన్నిసార్లు బంతి కదిలితే అన్నిసార్లు ఆ గోడ చెదిరిపోయింది. 29-10తో వైకింగ్స్ గెలిచారు. ఆ ఏడాది అసోసియేటెడ్ ప్రెస్ ఇచ్చే లీగు అత్యుత్తమ ఆటగాడి బహుమతి పేజ్‌కు వచ్చింది. రక్షణ పక్షాన ఆడేవాడికి అది దక్కడం అదే మొదటిసారి. ఇన్నేళ్లలో మరొక్కడికే దక్కింది, 1986లో లారెన్స్ టేలర్‌కు. పాయింట్లు తెచ్చేవాడి పేరే జనం నోట ఉంటుంది. ఆపేవాడి పేరు లెక్కల్లోకి రాదు. మాటవరసకు చెప్పడం లేదు. సాక్‌లను లీగు అధికారికంగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1982లో, పేజ్ ఆట మానేసిన మరుసటి ఏడు. పాత ఫిల్ములు చూసి చరిత్రకారులు లెక్కగట్టిన 148.5 సాక్‌లు అధికారిక పట్టికలో ఈనాటికీ లేవు.

వైకింగ్స్ నాలుగు సూపర్‌బౌల్ ఫైనల్స్ ఆడారు. నాలుగూ ఓడారు.

ఇంతకీ నన్ను కట్టిపడేసిన సంఘటన మైదానంలో జరగలేదు. జట్టు గదిలో ఆటగాళ్లను కూర్చోబెట్టి ఎత్తుగడల పుస్తకాన్ని ఒక్కొక్కరి చేత పైకి చదివించారు. తనతోపాటు రోజూ ఆడే మనుషుల్లో కొందరు ఆ పేజీ చదవలేకపోవడం పేజ్ చూశారు. అందరూ కాలేజీల నుంచి వచ్చినవాళ్లే. ఏళ్ల తరబడి వాళ్ల పరుగునూ బరువునూ కొలిచిన బడులు, కాలేజీలు, చదువు వచ్చిందో లేదో చూడకుండానే పై తరగతికి తోసేశాయి. ఈ సంగతి పేజ్ తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారనీ, ఎక్కడో చిన్న తరగతుల్లోనే ఎవరో వాళ్లను వదిలేశారనీ ఆయన బాధ.

లా చదవడానికి ఆయన చేసిన మొదటి ప్రయత్నం కొద్ది వారాల్లోనే ముగిసింది. సిద్ధంగా లేనని తెలిసి మానేశారు. ఈలోగా ఆటగాళ్ల సంఘంలో పని మొదలుపెట్టారు. ఒప్పందం ముగిసిన ఆటగాణ్ని మరో జట్టు తీసుకుంటే, పాత జట్టుకు ఎంత పరిహారం కట్టాలో లీగు కమిషనర్ పీట్ రోజెల్ నిర్ణయించే నియమం ఒకటి ఉండేది. ఆ భయంతో ఎవరూ ఎవర్నీ తీసుకునేవారు కాదు. పేరుకు ఒప్పందం ముగిసినా మనిషి కట్టుబానిసలాగే ఉండేవాడు. 1974లో ఆటగాళ్లు సమ్మె చేశారు. పేజ్ అప్పుడు సంఘం కార్యవర్గ సభ్యులు. మినియాపోలిస్ ఫెడరల్ కోర్టులో మొదలైన మ్యాకీ కేసులో ఆ నియమం చెల్లదని 1976లో అప్పీలు కోర్టు తేల్చింది. చట్టం అంటే జీతం చీటీ మీద కనిపించే సంగతి అని ఆ ఏళ్లు ఆయనకు నేర్పి ఉండాలి.

1975లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం లా స్కూల్లో చేరారు. అప్పటికి ఆయన లీగులోకెల్లా పేరున్న ఆటగాళ్లలో ఒకరు. సాయంత్రం దెబ్బలకు మంచుగడ్డ పెట్టుకుని మర్నాటి పాఠం చదవడం ఎలాంటిదో ఊహించవచ్చు. 1978లో డిగ్రీ చేతికొచ్చింది. అదే ఏడాది అక్టోబరులో, సీజన్ మధ్యలో, వైకింగ్స్ ఆయన్ని వదిలించుకున్నారు.

భార్య డయాన్ సిగరెట్ మానడానికి పరుగు మొదలుపెడితే, తోడుగా పేజ్ కూడా పరుగెత్తడం మొదలుపెట్టారు. పరుగు ఆయన్ని పట్టుకుంది. బరువు తగ్గింది. ఈ బరువుతో ఈ స్థానంలో ఆడలేడని గ్రాంట్ అన్నారు. షికాగో బేర్స్ 100 డాలర్ల రుసుము కట్టి ఆయన్ని తీసుకుపోయారు. ఏడేళ్ల క్రితం లీగుకే అత్యుత్తముడైనవాడి ధర అది. కానీ పేజ్ షికాగోలో 1981 దాకా మరో 58 ఆటలు ఆడారు. ఒక్కటీ వదల్లేదు. మొత్తం మీద 218 లీగు ఆటలు వరసగా ఆడిన మనిషి. ఆ మధ్యలోనే పూర్తి మారథాన్ పరుగెత్తారు. లీగులో ఆడుతూ ఉండగా ఆ పని చేసినవాడు అంతకుముందు లేడు. 1979 నుంచి సీజన్ లేని నెలల్లో మినియాపోలిస్‌లో ఒక లా సంస్థలో పనిచేశారు. ఆట మానేశాక 1985లో రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయానికి వెళ్లారు.

1988లో హాల్ ఆఫ్ ఫేమ్ పిలుపు వచ్చింది. సొంతూళ్లో, ఒకప్పుడు తాను కూలికి వెళ్లిన భవనం ముందు సభ. వేదిక మీద తమను పరిచయం చేయడానికి సాధారణంగా అందరూ తమ కోచ్‌నో, తోటి ఆటగాణ్నో పిలుచుకుంటారు. పేజ్ విల్లరీన్ బీస్లీని పిలిచారు. ఆమె మినియాపోలిస్‌లోని నార్త్ కమ్యూనిటీ హైస్కూలు ప్రిన్సిపాల్. ఆ రోజు ఆయన ఆట గురించి కాక పిల్లల చదువు గురించే మాట్లాడారు. చదవలేని తోటి ఆటగాళ్లకు నాడు గదిలో చెప్పలేకపోయిన మాట, దేశం వింటున్న చోట చెప్పారనిపిస్తుంది. ఆ ఏడాదే భార్యాభర్తలిద్దరూ కలిసి పేజ్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ పెట్టారు. అది ఇచ్చే ఉపకారవేతనానికి ఒక షరతు ఉంది. డబ్బు తీసుకున్న కాలేజీ విద్యార్థి చిన్న తరగతుల పిల్లలతో కూర్చుని వాళ్లకు చదువులో సాయం చెయ్యాలి. మేలు పొందినవాడు వెంటనే మేలు చేసేవాడు కావాలన్న ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది.

అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ ఒక సుప్రీంకోర్టు ఉంటుంది. మిన్నెసోటాలో ఆ న్యాయమూర్తులు ఓటర్లు ఎన్నుకుంటే వచ్చేవాళ్లు. 1992లో పేజ్ పోటీకి సిద్ధమైతే, ఆ స్థానంలో ఉన్న న్యాయమూర్తికి పింఛను అర్హత పూర్తయ్యేలా గవర్నర్ ఆర్ని కార్ల్‌సన్ ఆయన పదవీకాలం పొడిగించారు. దాంతో ఆ స్థానానికి ఎన్నికే లేకుండా పోయింది. పేజ్ కేసు వేశారు. సుప్రీంకోర్టు సీటు గురించి సుప్రీంకోర్టులోనే కేసు కనుక ఉన్న న్యాయమూర్తులు పక్కకు తప్పుకున్నారు, ప్రత్యేక ధర్మాసనం విన్నది. ఎన్నిక జరపాల్సిందేనని తీర్పు వచ్చింది. నవంబరులో పేజ్ గెలిచారు. 1993 జనవరిలో ప్రమాణం చేశారు. ఆ కోర్టులో అంతకుముందు నల్లజాతి న్యాయమూర్తి కూర్చోలేదు.

తర్వాత 1998, 2004, 2010 ఎన్నికల్లోనూ గెలిచారు. బో టై ఆయన గుర్తయింది. 2008 సెనేట్ ఎన్నికలో నార్మ్ కోల్‌మన్, ఆల్ ఫ్రాంకెన్ మధ్య తేడా 312 ఓట్లకు వచ్చి నిలిచి, వివాదం ఈ కోర్టుకు వచ్చినప్పుడు, ప్రధాన న్యాయమూర్తి తప్పుకోవడంతో ఆ అప్పీలుకు అధ్యక్షత వహించింది పేజే. 2009 జూన్ 30న ఐదుగురూ ఒక్కమాటగా తీర్పు చెప్పారు. దేశమంతా ఎనిమిది నెలలు ఎదురుచూసిన సీటు ఎవరిదో ఆ రోజు తేలింది. 70 ఏళ్లు నిండితే దిగిపోవాలన్న చట్టం ప్రకారం 2015 ఆగస్టులో విరమించారు.

2017లో దక్షిణ మినియాపోలిస్‌లోని అలెగ్జాండర్ రామ్‌సే మిడిల్ స్కూల్ పేరు మార్చి జస్టిస్ పేజ్ మిడిల్ స్కూల్ అన్నారు. 1862లో డకోటా ఆదివాసులను రాష్ట్రం నుంచి నిర్మూలించాలని పిలుపునిచ్చిన గవర్నర్ పేరు మా బడికి వద్దని మొదట అడిగింది అక్కడి విద్యార్థులే. పెట్టిన కొత్త పేరులో ఆటగాడి ఊసు లేదు, న్యాయమూర్తి మాత్రమే ఉన్నాడు.

ఆయనా డయాన్ ఏళ్ల తరబడి సేకరించిన వస్తువులున్నాయి. బానిసత్వం నాటివి, ‘నల్లవారికి మాత్రమే’ అన్న రోజుల బోర్డులు, వాటి పక్కనే ఆ కాలపు నల్లజాతి కళాకారుల పనితనం. 2018 మొదట్లో వాటిని మినియాపోలిస్ కేంద్ర గ్రంథాలయంలో ప్రదర్శనకు పెట్టారు. పిల్లలు రావాలనే గ్రంథాలయాన్ని ఎంచుకున్నారు అనుకుంటాను. ఆ సెప్టెంబరులో డయాన్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయారు. రెండు నెలలు తిరక్కముందే దేశ అత్యున్నత పౌర పురస్కారం, ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్, ఆయన మెడలో పడింది.

2020 జనవరిలో పేజ్ మరో పని ఎత్తుకున్నారు. మినియాపోలిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు అధ్యక్షుడు నీల్ కశ్కరీ, కాశ్మీరు నుంచి వలస వెళ్లిన తల్లిదండ్రుల బిడ్డ, ఆయనతో కలిశారు. మిన్నెసోటా రాజ్యాంగం బడుల వ్యవస్థ ఏర్పాటు చేసే బాధ్యతను శాసనసభ మీద పెట్టింది. నాణ్యమైన ప్రభుత్వ చదువు ప్రతి బిడ్డకూ ప్రాథమిక హక్కు అని ఆ వాక్యం స్థానంలో రాయాలని వీళ్ల ప్రతిపాదన. మనకిది కొత్త కాదు. పేజ్ ప్రమాణం చేసిన మరుసటి నెలలోనే, 1993 ఫిబ్రవరిలో, ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో మన సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి రాసిన మెజారిటీ తీర్పు 14 ఏళ్లలోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2002లో అది రాజ్యాంగంలోకి ఎక్కింది. హక్కు కాగితం మీదికి వచ్చాక బడిలో ఏం జరుగుతుందన్న ప్రశ్న మనకు ఇంకా ఉండనే ఉంది. మిన్నెసోటాలో ఉపాధ్యాయ సంఘానికి వేరే భయం ఉంది. పాత వాక్యం తీసేస్తే ప్రభుత్వ సొమ్ము ప్రైవేటు బడులకు పోతుందని వాళ్ల వాదన. అది కొట్టిపారేయదగ్గ భయం కాదు. పేజ్ మాత్రం పాత వాక్యం ఇన్నేళ్లుగా ఏ పిల్లల్ని వదిలేసిందో చూడమంటారు.

సవరణను శాసనసభ ఇంకా ఓటర్ల ముందుకు పంపలేదు. 2025 ఆగస్టులో ఆయనకు 80 ఏళ్లు నిండాయి.